బాగుందని చెప్పిన పాపం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వెర్నా బుద్ధెరిగినప్పటి నుంచీ నమ్ముతూ వచ్చింది. పళ్ళ డాక్టరు పన్ను పీకితే, దవడ పట్టుకునే "ఎంత బాగా పీకావు నాయనా" అనేది. మంచు తోసే బండివాడు వాళ్ళ వాకిలికే అడ్డంగా గుట్ట పోసి పోయినా, "మిగతా రోడ్డంతా అద్దంలా తుడిచాడు, పాపం" అనేది. నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళందరూ కాస్త అంతే. వెర్నా మరికాస్త ఎక్కువ. ఆ మంచి నోరే ఒకరోజు ఒక మనిషి కూటికి ఎసరు పెడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, "ఎంత బాగా చమత్కారం చేశావు" అని వాళ్ళనీ మెచ్చుకునేదే.

అన్ని చలికాలాల్లాగే ఆ ఏడూ మొగుడూ పెళ్ళాలిద్దరూ నెవాడాకి వచ్చారు. ఎడారి మధ్యన నది, నది ఒడ్డున కేసినోలు. ఊళ్ళో మంచు కరిగేదాకా అక్కడే మకాం. డెల్‌బర్ట్ పేరున కేసినోవాళ్ళిచ్చిన కార్డుంటే గది ఊరికే, బఫేలో తిండి ఊరికే. ఆట మాత్రం ఊరికే కాదనుకోండి, కానీ డెల్‌బర్ట్ చిల్లర వేసి ఆడే మెషీన్ల దగ్గరే కూర్చునేవాడు. కూడబెట్టిందంతా ఊడ్చిపెట్టే రకం కాదు.

వెర్నాకి ఆటతో పని లేదు. ఆమె వచ్చేది బఫే కోసం. బడి వంటశాలలో పిల్లలకి వండి వండి, ఇంటికెళ్ళి మళ్ళీ వండి, చర్చిలో ఎవరు పోయినా పెళ్ళైనా మళ్ళీ తనే గరిటె పట్టిన మనిషి. ఏడాదిలో ఈ కాసిన్ని వారాలే ఆమె చెయ్యి పొయ్యి దగ్గరకి పోదు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి, ఎవరో వండిన వంకాయ కూర, ఎవరో కోసిచ్చే మాంసం, ఎవరో కాల్చిన రొట్టె చూస్తుంటే ఆమె కళ్ళు చెమర్చేవి. "తిన్న పళ్ళెం అక్కడే వదిలేసి లేచిపోవచ్చు! తెలుసా?" అని ఇంటికి ఫోన్ చేసి చెల్లెలికి ప్రతి ఏడాదీ చెప్పేది.

ఈ ఏడాది ఆ సంబరం సగమైంది. శరత్కాలంలో డెల్‌బర్ట్‌కి పక్షవాతం వచ్చి పోయింది. మనిషి లేచి తిరుగుతున్నాడు గాని కుడిచెయ్యి చెప్పిన మాట వినదు. మెషీను మీద బొత్తాం నొక్కడానికి పనికొస్తుంది. చెంచా నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా మీద ఉంటుంది. వచ్చిన మొదటిరోజు బఫేలో బఠాణీలు బల్లంతా దొర్లాయి. పక్క బల్లవాళ్ళు చూసీ చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. డెల్‌బర్ట్ చెంచా కింద పెట్టి లేచాడు.

"కూర్చో డెల్, ఎవరూ చూడట్లేదు."

"చూడట్లేదు కాబట్టే పోతున్నాను. నవ్వినా బాగుండేది."

ఆ తర్వాత ఎంత బతిమాలినా రాలేదు. గదికి తిండి తెప్పించుకుందామంటే కార్డు పనిచేసేది బఫేలోనే. బఫేలోంచి బయటికి మెతుకు కూడా తీసుకుపోకూడదని గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో బోర్డు. వెర్నా బోర్డులని బైబిలు వాక్యాల్లా పాటించే మనిషి. గదిలో డెల్‌బర్ట్ బిస్కట్లు నములుతుంటే, కింద తనకి ముద్ద దిగేది కాదు.

అది కనిపెట్టింది ఒఫీలియా. బఫేలో ప్లేట్లు తీసి, కాఫీ పోసే మనిషి. యాభై దాటిన గట్టి మనిషి, ఎడమ ముంజేతి మీద ప్లేట్లు మేడలా పేర్చుకుని, కుడిచేత్తో కాఫీ కూజా పట్టుకుని, బల్లల మధ్య చేపలా తిరిగేది. వెర్నా బల్ల ఎప్పుడూ ఆమెదే.

"మిస్టర్ డెల్ రావట్లేదేం, మిస్ వెర్నా? మా కాఫీ మీద అలిగారా?"

అంతే, వెర్నా నోరు ఆగదు కదా. చెయ్యి సంగతి, బఠాణీల సంగతి, బిస్కట్ల సంగతి అన్నీ చెప్పేసింది. ఒఫీలియా బల్ల తుడిచిన చోటే మళ్ళీ తుడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఖాళీ ప్లేటు తీస్తూ వంగి, "ఒళ్ళో రుమాలు తీయకండి. కిందికి చూడకండి" అంది. వెర్నా ఒళ్ళో వెచ్చగా ఏదో పడింది. ఫాయిల్ కాగితంలో చుట్టిన పొట్లం. పైకెళ్ళి విప్పితే టర్కీ కోడి మాంసం ముక్కలు, చేత్తో పట్టుకుని తినేలా వేలెడంత పొడుగున కోసినవి. అంచులు రెండు మడతలు వేసి, కొస లోపలికి దోపి, గ్రేవీ ఒక్క చుక్క కారకుండా కట్టింది. డెల్‌బర్ట్ కిటికీ దగ్గర కూర్చుని ఎడంచేత్తో తిని, వేళ్ళు నాకి, "ఎవరు కట్టారో గాని చెయ్యి తిరిగిన మనిషి" అన్నాడు.

ఆనాటి నుంచి రోజూ పొట్లమే.

బల్ల దగ్గర వెర్నాకి తోడు లవోన్ ఉండేది. అదే జిల్లా మనిషి, అదే చర్చి, చలికాలంలో అదే కేసినో. లవోన్ నోట్లో నువ్వుగింజ నానదు. కానీ పొట్లం సంగతి ఎదురుగా కూర్చున్న ఆమెకి కూడా తెలియదు. ఒఫీలియా పనితనం అలాంటిది.

ఆ సోమవారం మధ్యాహ్నం, ఇద్దరూ చేతులు పట్టుకుని, చుట్టూ మెషీన్లు గణగణలాడుతుంటే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, అప్పుడే ఫోర్కులు పట్టారు. మేనేజరు కెస్లర్ బల్లబల్లకీ ఆగి పలకరిస్తూ వచ్చాడు. పొడుగాటి మనిషి, టై సర్దుకునే అలవాటు.

"అంతా బాగుందా అమ్మా? మావాళ్ళు బాగా చూసుకుంటున్నారా?"

అడక్క అడక్క వెర్నానే అడిగాడు. కట్ట తెగినట్టే.

"బాగుందా ఏమిటి బాబూ! మా ఒఫీలియా లాంటి మనిషి ఈ ఎడారి మొత్తంలో ఉండదు. మా ఆయన చెయ్యి బాగాలేక కిందికి రాలేకపోతున్నాడా, రోజూ తనే టర్కీ చక్కగా పొట్లం కట్టి ఇస్తుంది. ఎవరూ అడక్కుండానే! మీరు ఆమెకి జీతం పెంచాలి, నా మాట విని."

"పొట్లమా? ఎప్పట్నుంచే? నాకు చెప్పలేదే!" అంది లవోన్.

కెస్లర్ నవ్వాడు. "అలాగా. చెప్పినందుకు సంతోషం అమ్మా" అని టై సర్దుకుని పక్క బల్లకి వెళ్ళాడు.

వెర్నా వెనక్కి తిరిగితే ఒఫీలియా అక్కడే నిలబడి ఉంది. ఎవరికో కాఫీ పోస్తోంది. కప్పు నిండింది, సాసరు నిండింది, బల్ల మీదికి కారింది. ఇంకా పోస్తూనే ఉంది.

"చెయ్యి కాలుతుంది జాగ్రత్త!" అని అరిచింది వెర్నా. పొగడ్తకి సిగ్గుపడిందనుకుంది, పిచ్చి మాలోకం.

మర్నాడు ఒఫీలియా లేదు. ఆ బల్లలు జ్యువెల్ అనే ముసలామె చూస్తోంది. మామూలుగా ఎవరినైనా "బేబీ" అని పిలిచే జ్యువెల్ ఆ రోజు వెర్నా కప్పులో కాఫీ పోసి మాట్లాడకుండా పోబోయింది.

"ఒఫీలియాకి ఒంట్లో బాగాలేదా?"

జ్యువెల్ ఆగింది. కూజా బల్ల మీద పెట్టింది. "నిన్న సాయంత్రం బ్యాడ్జి తీసుకుని ఇంటికి పంపించారు. గురువారం పైవాళ్ళు కూర్చుని తేలుస్తారంట. తేల్చేదేముంది? తిండి బయటికి పంపితే దొంగతనం కిందే లెక్క."

"దొంగతనమా? ఎవరు చెప్పారు?"

"మీరే కదమ్మా చెప్పారు!" అంది జ్యువెల్.

వెర్నా చేతిలో ఫోర్కు చేతిలోనే ఉండిపోయింది. నిన్న తనన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి, ఒక్కొక్కటీ ఎంత ముచ్చటగా అందో కూడా. రోజూ. చక్కగా. ఎవరూ అడక్కుండానే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. జారినది తిట్టయితే కనీసం క్షమించమని అడగొచ్చు. మెచ్చుకున్నందుకు ఏమని అడగాలి?

"ఈ వయసులో ఆమెని ఇంకెవరు పెట్టుకుంటారు? ఇక్కడ తీసేశారంటే నది పొడుగునా అన్ని కేసినోలకీ తెలిసిపోతుంది" అని జ్యువెల్ కూజా అందుకుంది. "రొట్టె తినండి, చల్లారిపోతుంది."

రొట్టె అలాగే వదిలేసి వెర్నా కెస్లర్ గదికి వెళ్ళింది. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు. అదీ అన్యాయమే అనిపించింది ఆమెకి. మర్యాద లేని మనిషైతే గట్టిగా అరవొచ్చు.

"రండి రండి. మీకే కబురు పెడదామనుకుంటున్నాను. మీరు మా దృష్టికి తెచ్చినందుకు, ఇదిగో, పైన మా స్టేక్‌హౌస్ హోటల్లో మీ ఇద్దరికీ భోజనం, మా తరఫున" అని ఒక కవరు జరిపాడు.

వెర్నా ఆ కవరు వంక చూసింది. పామైనా బాగుండేది, అరిచి లేచిపోయేది.

"నేను ఫిర్యాదు చెయ్యలేదు బాబూ! మెచ్చుకున్నాను! మీకు అర్థం కాలేదా?"

"అర్థమైందమ్మా. కానీ అందరి ముందూ చెప్పారు. పక్క బల్ల దగ్గర మా పై ఆయన కూర్చుని ఉన్నాడు. విన్నాక విననట్టు ఉంటే నా ఉద్యోగం పోతుంది."

"నేనే అడిగానని రాసుకోండి."

"మీరు అడిగితే కాదనడమే ఆమె పని."

"కెమెరాలున్నాయి కదా, చూడండి. ఆమె ఎంత భయపడుతూ ఇచ్చిందో చూస్తే మీకే జాలేస్తుంది."

కెస్లర్ టై సర్దుకున్నాడు. "కెమెరాలన్నీ డబ్బు ఆడే చోటే ఉంటాయమ్మా. టర్కీని ఎవడు కనిపెట్టి చూస్తాడు? మీ మాట తప్ప ఇంకో సాక్ష్యం లేదు. చెప్పింది మీరు కాబట్టే నమ్మాను. ఇక్కడికొచ్చే జనంలో అబద్ధం ఆడని మొహం ఒక్కటి చూపించమంటే మిమ్మల్నే చూపిస్తాను."

వెర్నా లేచి, గుమ్మం దాకా పోయి ఆగింది. "మరి... వచ్చినవాళ్ళే సంచిలో వేసుకుపోతే?"

"ఒకటో అరో రొట్టె అయితే చూసీ చూడనట్టు ఊరుకుంటాం. మాంసం పొట్లాలు కడితే కార్డు లాక్కుని, ఫొటో తీసి, మళ్ళీ ఈ గడప తొక్కొద్దని పంపేస్తాం." నవ్వాడు. "మీకెందుకమ్మా ఆ గొడవ! కవరు మర్చిపోతున్నారు."

కవరు అక్కడే ఉంది.

గదిలో సంగతంతా విన్నాక డెల్‌బర్ట్ బిస్కట్ల డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నా వల్లే కదా. బఠాణీలు పడితే పడ్డాయని కూర్చుని ఉంటే ఇదంతా లేదు."

"నీ వల్ల కాదు. నా పాడు నోటి వల్ల."

"నీ నోరు పాడైందెప్పుడే? అంత తియ్యటి నోరు కాబట్టే చీమలు పట్టాయి."

ఆమె నవ్వలేదు. మంచం మీద కూర్చుని దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. రెండు మడతలు, కొస లోపలికి.

"డెల్, నువ్వెప్పుడైనా అబద్ధమాడావా?"

"మీ అమ్మ చేసిన లివర్ బాగుందన్నాను."

"అది కాదు. పెద్దది."

డెల్‌బర్ట్ తల తిప్పి ఆమె చేతుల వంక చూశాడు. యాభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడికి విడమరిచి చెప్పాలా? "మనల్ని గెంటేస్తారు" అన్నాడు మెల్లగా. "లవోన్ ఊరంతా చాటుతుంది. చర్చిలో పాస్టరు నోరు తెరవకముందే ఈ కథ పూర్తవుతుంది. పైగా ఆ రోజు నుంచీ వంట మళ్ళీ నువ్వే చెయ్యాలి."

వంట మాట వినగానే వెర్నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పరువు మాటకి తిరగలేదు, నిజం చెప్పాలంటే.

గురువారం మధ్యాహ్నం ఆమె చర్చికి వేసుకునే నీలం కోటు తొడుక్కుంది. దుకాణంలో కొన్న ఫాయిల్ చుట్ట చేతిసంచిలో పెట్టుకుంది. కార్డు గీకి లోపలికి వెళ్ళి పళ్ళెం తీసుకుంది. తొందరపడలేదు. వంకాయ కూర దగ్గర ఆగింది, మొక్కజొన్న రొట్టె దగ్గర ఆగింది, గుమ్మడికాయ తీపి ముక్క ఒకటి వేసుకుంది. అన్నీ చివరిసారి కదా. మాంసం కోసిచ్చే అతన్ని టర్కీ అడిగింది. "ఇంకాస్త. ఇంకాస్త వెయ్యి నాయనా" అంది. పళ్ళెంలో గుట్టయింది.

లవోన్ అప్పటికే బల్ల దగ్గర ఉంది. "ఏమే, ఇంత ఆకలేంటి ఇవాళ?" అని ప్రార్థనకి చేతులు చాచింది.

వెర్నా చేతులివ్వలేదు. కాసేపట్లో చెయ్యబోయే పనికి ముందు దేవుణ్ణి పిలవడానికి ఆమెకి మనసొప్పలేదు. తీపి ముక్క మాత్రం మెల్లగా తిన్నది. కెస్లర్ గుమ్మంలో కనబడేదాకా తింటూనే ఉంది. అతను కనబడగానే సంచిలోంచి ఫాయిల్ తీసి, బర్రుమని చింపి, బల్ల మీద పరిచింది.

ఆ చప్పుడికి నాలుగు బల్లలవాళ్ళు తలెత్తారు.

టర్కీ ముక్కలు వేలెడంత పొడుగున కోసి, వరసగా పేర్చి, అంచులు రెండు మడతలు వేసి, కొస లోపలికి దోపింది. మొదటి పొట్లం సంచిలో వేసింది. రెండోది మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళకి కేకు ముక్కలు కట్టిన చెయ్యి అది.

"వెర్నా!" లవోన్ గొంతు కీచుమంది. "నీకు మతిపోయిందా? అందరూ చూస్తున్నారే! ఒసేయ్, తియ్యి, అవతల పెట్టు!"

"చూడనీ" అంది వెర్నా.

కెస్లర్ వచ్చి నిలబడ్డాడు. టై మీదికి వెళ్ళిన చెయ్యి దారిలోనే ఆగిపోయింది. వెనకాల సెక్యూరిటీ మనిషి. జ్యువెల్ ప్లేట్ల మేడతో నడవలో బిగుసుకుపోయింది.

"అమ్మా... ఏం చేస్తున్నారు?"

"రోజూ చేసేదే" అంది వెర్నా, బల్లలన్నిటికీ వినపడేలా.

లోపలి గదికి తీసుకెళ్ళారు. అక్కడ గోడవార కుర్చీలో ఒఫీలియా కూర్చుని ఉంది. యూనిఫాం లేదు, చేతిలో పర్సు. ఆమె విచారణ ఆ పూటేనని వెర్నాకి తెలుసు గాని ఎదురుగా కూర్చుంటుందని అనుకోలేదు. సెక్యూరిటీ మనిషి సంచి బోర్లించాడు. కళ్ళజోడు పెట్టె, దగ్గు బిళ్ళలు, చిన్న బైబిలు, ఫాయిల్ చుట్ట, రెండు పొట్లాలు.

"మరి సోమవారం నాతో అన్న మాట?" అన్నాడు కెస్లర్.

"అబద్ధం." సంచిలోంచి పడ్డ బైబిలు వంక చూడకుండా అంది వెర్నా. "లవోన్ నా సంచిలో పొట్లం చూసిందేమోనని భయమేసింది. మీరు వచ్చి అడిగేసరికి, ఈవిడ ఇచ్చిందని అనేశాను. దొంగననిపించుకోలేక. ఈవిడ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. పొట్లాలు కట్టింది నేనే. చూశారుగా, చెయ్యి తిరిగిందా లేదా?"

ఒఫీలియా నోరు తెరుచుకుంది. ఆ కళ్ళల్లో బెదురు వెర్నా జన్మలో మర్చిపోలేదు. ఏదో అనబోయింది. వెర్నా తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా ఆడించింది.

"ఒఫీలియా, ఈవిడ చెప్పేది నిజమేనా?" అన్నాడు కెస్లర్.

ఒఫీలియా చేతిలో పర్సు అటూ ఇటూ తిప్పింది.

"నేనేం ఇవ్వలేదు సార్" అంది ఒఫీలియా, నేల చూస్తూ. "ఈవిడెవరో... వస్తుంటారు. కాఫీ పోస్తాను. అంతవరకే తెలుసు."

అలా అనాలనే వెర్నా కోరుకుంది. అయినా ఆ మాట గుచ్చుకుంది.

కెస్లర్ వెర్నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైందో లేదో దేవుడికెరుక. "చెప్పింది మీరు కాబట్టి నమ్మాలి" అన్నాడు చివరికి. "రేపట్నుంచి పనికి వచ్చెయ్, ఒఫీలియా. అమ్మా, మీరు ఆ గోడ దగ్గర నిలబడండి."

ఫొటో తీశారు. వెర్నా అలవాటు చొప్పున నవ్వబోయి మానుకుంది. కార్డు కత్తిరించి బుట్టలో పడేశారు. సంచి ఎవరూ తిరిగి సర్దలేదు. ఒఫీలియానే లేచి, కళ్ళజోడు, బిళ్ళలు, బైబిలు ఒక్కొక్కటీ తుడిచి లోపల పెట్టింది. పట్టీ మెలిక తీసి సరిచేసి అందించింది.

"మీ సంచి, మేడమ్" అంది. మిస్ వెర్నా అనలేదు. అందించిన చెయ్యి మాత్రం వదలడానికి కాస్త ఆలస్యం చేసింది.

బయటికి నడిపిస్తుంటే బఫే గుమ్మం మీదుగానే వెళ్ళాలి. లవోన్ అక్కడే నిలబడి ఉంది, అప్పుడే ఫోను చెవి దగ్గర పెట్టుకుని. "అవునే, మన వెర్నానే! ఒట్టు, నా కళ్ళతో చూశాను!" అంటోంది. వెర్నాని చూసి మొహం తిప్పేసుకుంది.

సాయంత్రానికి పెట్టెలు కారులో ఉన్నాయి. వెర్నా నడిపింది. కేసినోల వెలుగులు వెనకపడ్డాక డెల్‌బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"ఆకలేస్తోంది."

"బిస్కట్లున్నాయి, తీసివ్వనా?"

"బిస్కట్లు నీ మొహాన కొట్టుకో. అదిగో, లైటు కనబడుతోంది, ఆపు."

రోడ్డు పక్క చిన్న హోటలు. అరడజను బల్లలు, లారీల వాళ్ళు నలుగురు. వెర్నా నివ్వెరపోయి చూస్తుండగానే డెల్‌బర్ట్ సరిగ్గా మధ్య బల్ల దగ్గర కూలబడ్డాడు. చిక్కుడు గింజల కూర తెప్పించుకున్నాడు, ఇంకేమీ దొరకనట్టు. కుడిచేత్తోనే చెంచా పట్టాడు. గింజలు బల్ల మీద పడ్డాయి, ఒళ్ళో పడ్డాయి, ఒకటి దొర్లుకుంటూ లారీవాడి బూటు దగ్గరకి పోయింది.

"డెల్... నీకు ఇబ్బందైతే కారులో తిందాం."

"దొంగదాని మొగుణ్ణి. ఇంకా దేనికే సిగ్గు?" అని మరో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి ముప్పాతిక లోపలికి పోయింది.

అక్కడ పనిచేసే అమ్మాయి ఏమీ అనకుండా వచ్చి, పళ్ళెం తీసి, అదే కూర లోతు గిన్నెలో పోసి, పెద్ద చెంచాతో తెచ్చిపెట్టింది. వెళ్తూ వెళ్తూ ఒక తుండుగుడ్డ డెల్‌బర్ట్ మోకాలి మీద పరిచింది. రెండు రొట్టెలు ఎక్కువే పెట్టింది. వెర్నా గొంతు దాకా మాట పొంగుకొచ్చింది.

అప్పుడే వంటింట్లోంచి యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అంతా బాగుందా అండీ? మా పిల్ల బాగా చూసుకుంటోందా?"

వెర్నా నోరు తెరిచింది. కౌంటరు దగ్గర ఆ పిల్ల తలెత్తి ఇటే చూస్తోంది. వెర్నా పెదవులు బిగించింది. ఎక్కువ వచ్చిన రొట్టెలు రెండూ మెల్లగా రుమాలు కిందికి జరిపింది.

"పర్వాలేదు" అంది.

డెల్‌బర్ట్ చెంచా గాలిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోట అతను ఎన్నడూ వినలేదు.